మూడో గడిలో ఎవరెవరు? ట్రాన్స్ సమాజంలో పేర్ల పేచీ

2021 అక్టోబరు 30న కడప జిల్లా బద్వేలులో అసెంబ్లీ ఉప ఎన్నిక జరిగింది. ఓటర్లు రెండు లక్షల పదిహేను వేల పైచిలుకు. ఓటర్ల లెక్కలో పురుషులకు ఒక గడి, స్త్రీలకు ఒక గడి, ఆ పక్కన మూడోది. ఆ మూడో గడిలో అంకె వంద కూడా లేదు. ఎన్నికల సంఘం 2009లో ‘ఇతరులు’ అనే పేరుతో దాన్ని తెరిచింది. తర్వాత పేర్లు మారాయి గానీ గడి మాత్రం ఒక్కటే మిగిలింది. అందులో ఎవరిని చేర్చాలి, చేరినవాళ్లను ఏమని పిలవాలి, మాకు ఆ గడే వద్దనేవాళ్లను ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నల మీద ట్రాన్స్‌జెండర్ సమాజం లోపలే ఒక పేచీ చాలాకాలంగా నడుస్తోంది.

పేచీలో ఒక పక్షం బైనరీ ట్రాన్స్ వ్యక్తులు. పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా తను స్త్రీనేనని గుర్తించిన ట్రాన్స్ మహిళ, ఆడపిల్లగా పెరిగినా పురుషుడిగా బతికే ట్రాన్స్ పురుషుడు ఈ కోవలోకి వస్తారు. వీళ్లలో చాలామంది కోరేది మూడో గడి కాదు, మొదటి రెంటిలో తమకు దక్కాల్సిన చోటు. రెండో పక్షం నాన్‌బైనరీ వ్యక్తులు. స్త్రీ, పురుషుడు అనే రెండు మాటల్లో ఏదీ తమకు అతకదనేవాళ్లు, రెండూ కొంత కొంత తమవేననేవాళ్లు, అసలు ఆ లెక్కే తమకు పట్టదనేవాళ్లు ఇందులో ఉన్నారు. ‘పక్షం’ అనడం రాసే సౌకర్యం కోసమే. ఒకే మనిషి ఇరవై ఏళ్ల వయసులో ఒక పేరు చెప్పి, నలభైలో ఇంకో పేరు చెప్పుకోవడం ఇక్కడ వింతేమీ కాదు.

ఫిర్యాదులు రెండువైపులా ఉన్నాయి. ఇల్లు వదిలి, తన్నులు తిని, అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుని ‘ఆమె’ అనిపించుకున్నాక, ఆడామగా తేడా అంతా సమాజం అల్లిన కథేనని ఎవరైనా అంటే తమ బతుకును తేలిక చేసినట్టు ఉంటుందని ట్రాన్స్ మహిళలు అంటారు. ప్యాంటూ చొక్కాతో ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లూ, రోడ్డు మీద చీరతో నిలబడి పోలీసు లాఠీకి దొరికేవాళ్లూ ఒకే పేరు కింద ఎలా సర్దుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. నాన్‌బైనరీ వ్యక్తుల బాధ దీనికి తిరగేసినది. ఆపరేషన్, హార్మోన్లు, చీర, గడ్డం, వీటితోనే మనిషిని కొలిస్తే తాము ఎప్పటికీ ‘సగం ట్రాన్స్’గానే మిగిలిపోతామని, బయటి లోకం పెట్టే పరీక్షనే లోపలివాళ్లూ పెడుతున్నారని వాళ్లంటారు.

ఇంగ్లిషు మాటలు రాకముందు

నాన్‌బైనరీ అనే మాట నగరాల కాలేజీల నుంచి, ఇంగ్లిషు చదువుల నుంచి వచ్చింది కాబట్టి ఈ గొడవ కూడా అక్కడి నుంచే దిగుమతి అయిందని అనుకోవడం తేలిక. తెలుగు నేల మీద ఉన్న ఆధారాలు అలా చెప్పవు.

మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి 1990లలో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో హిజ్రాల మధ్య ఉండి పరిశోధన చేశారు. దాని మీద రాసిన పుస్తకం 2005లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చింది. ఆవిడ చూసిన సమాజంలో హిజ్రాలు మాత్రమే లేరు. తమను తాము కోథీలుగా చెప్పుకునే పెద్ద కుటుంబంలో హిజ్రాలు, జనానాలు, జోగిన్లు, శివసత్తులు, ‘కడా-చట్ల’ కోథీలు అని శాఖలున్నాయి. కడా-చట్ల అంటే చీర కట్టనివాళ్లు. పగలు మగ దుస్తుల్లో ఉద్యోగం చేసుకుంటూ, కొందరు పెళ్లాంపిల్లలతో కాపురం చేస్తూ, తమవాళ్ల మధ్య మాత్రం ఆడపేర్లతో పిలుచుకునేవాళ్లు. ఒకరి మీద ఒకరికి ఆప్యాయత ఉంది, ఆక్షేపణా ఉంది. చీర కట్టే ధైర్యం లేనివాళ్లని హిజ్రాలు కడా-చట్లలను చిన్నచూపు చూసేవారు. ఒళ్లమ్ముకుని హిజ్రాలు పరువు తీస్తున్నారని అవతలివాళ్లు అనేవారు. హిజ్రాల లోపల మళ్లీ బధాయి (శుభకార్యాల్లో ఇచ్చే కానుక) తీసుకుని దీవెనలిచ్చేవాళ్లకూ, సెక్స్ వర్క్ చేసేవాళ్లకూ మధ్య హెచ్చుతగ్గులు ఉండేవి. వీటన్నిటికీ తూకంరాయి ఇజ్జత్, అంటే పరువు. ఎవరు అసలైనవాళ్లు, ఎవరు పైపై వేషగాళ్లు అన్న తగువు అప్పటికే పాతది.

అసలుతనానికి ఆ సమాజం పెట్టుకున్న గుర్తు నిర్వాణం, అంటే అంగాన్ని తొలగించే శస్త్రచికిత్స. అది చేయించుకున్నవాళ్ల మాటకు వాళ్ల సమూహమైన జమాత్‌లో బరువెక్కువ. గురువు, చేలా (శిష్యురాలు), నాని వరసలతో నడిచే ఆ వ్యవస్థలో అందరూ ఆడవరసలతోనే పిలుచుకుంటారు. తల్లి, కూతురు, అక్క, చెల్లెలు. ఇంట్లోంచి గెంటేసినవాళ్లకు అది నీడ, కూడు, పెళ్లిచావుల్లో తోడు. ట్రాన్స్ పురుషుడికి ఇందులో వరసే లేదు. ఆడామగా రెండూ కాదనుకునే మనిషికీ లేదు. కాబట్టి బైనరీ, నాన్‌బైనరీ గొడవ అని ఇప్పుడు అంటున్నదాంట్లో సగం, కూడు పెట్టిన ఇంటి కట్టుబాటుకూ ఆ ఇంట్లో చోటు దొరకనివాళ్లకూ మధ్య ఉన్న దూరమే.

రాయలసీమ పడమటి అంచున, కర్నూలుకు ఆవల, ఇంకో రకం కనిపిస్తుంది. ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలు కర్ణాటకలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న తెలుగు, మరాఠీ ప్రాంతాల్లోనూ ఉన్నారు. మగవాళ్లుగా పుట్టి, అమ్మవారు పట్టిందని చీర కట్టి, తలమీద దేవరను మోసుకుని ఇంటింటికీ తిరుగుతారు. నిర్వాణం వాళ్ల ఆచారం కాదు, కొన్నిచోట్ల తప్పు కూడా. హిజ్రాలతో తమను కలపొద్దని జోగప్పలు చెప్పిన సంగతిని బెంగళూరు సంస్థ అనేక 2014లో తెచ్చిన అధ్యయనంలో చూడొచ్చు. తెలంగాణలో మల్లన్న, ఎల్లమ్మ జాతరల్లో కనిపించే శివసత్తులలో చీర కట్టిన మగవాళ్లదీ దాదాపు ఇదే దారి. పుట్టుకా, శరీరమూ, చేయించుకున్న ఆపరేషనూ కాదు, దేవత పిలుపే వీళ్ల గుర్తింపు. దీన్ని ఇవాళ్టి మాటల్లో బైనరీ అనాలా, నాన్‌బైనరీ అనాలా అని అడిగితే, ప్రశ్నే తప్పని వాళ్లనొచ్చు.

ఇక తిరుపతి గంగమ్మ జాతర సంగతి. అక్కడ మగవాళ్లు మొక్కుగా ఆడవేషం కడతారు. ఇంటిల్లిపాదీ దగ్గరుండి పూలు పెట్టి, నగలు తగిలించి పంపుతారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే ఊళ్లు ఊళ్లు కదిలేవి. వేషం కట్టిన మగాడిని తెలుగు సమాజం ఎప్పుడూ ఆదరించింది. మర్నాడు పొద్దున కూడా చీర విప్పనివాళ్లతోనే దానికి పేచీ.

చట్టం గీసిన గీతలు

నిజాం రాజ్యంలో 1329 ఫస్లీ, అంటే 1919 నాటి నపుంసకుల చట్టం ఒకటుండేది. నపుంసకుడు ఎవరన్నది మనిషి ఒప్పుకోలు మీద గానీ, వైద్య పరీక్ష మీద గానీ తేలాలని అందులో ఉంది. అలాంటివాళ్ల పేర్లకు పోలీసు రిజిస్టరు ఉండాలి. ఆడబట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా. రాజ్యం పోయినా చట్టం పోలేదు, ‘తెలంగాణ ప్రాంత’ చట్టంగా పుస్తకాల్లో మిగిలిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో దాని మీద కోర్టుకెళ్లారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్లలో ట్రాన్స్‌జెండర్లను చేర్చాలని కూడా చెప్పింది.

అంతకు ముందే, 2014 ఏప్రిల్ 15న, జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల సుప్రీంకోర్టు ధర్మాసనం జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ (నాల్సా) కేసులో తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి తనను పురుషుడిగానో, స్త్రీగానో, మూడో జెండర్‌గానో తానే నిర్ణయించుకోవచ్చంది. దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టకూడదంది. రెండు పక్షాలకూ చోటిచ్చిన తీర్పు ఇది. అయితే తీర్పులోనే మూడో జెండర్, ట్రాన్స్‌జెండర్ అనే మాటలు ఒకదాని చోట ఒకటి వచ్చిపోతుంటాయి. ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లిందంటే, స్వలింగ ప్రేమికులు మూడో జెండర్ కిందికి రారని 2016 జూన్ 30న సుప్రీంకోర్టే మళ్లీ వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

అసలు నిప్పు 2016 బిల్లుతో రాజుకుంది. పార్లమెంటులో పెట్టిన ఆ ముసాయిదాలో ట్రాన్స్‌జెండర్ అంటే పూర్తిగా స్త్రీ గానీ పూర్తిగా పురుషుడు గానీ కాని వ్యక్తి, లేదా రెండూ కలిసిన వ్యక్తి, లేదా రెండూ కాని వ్యక్తి అని నిర్వచనం రాశారు. ట్రాన్స్ మహిళలు, ట్రాన్స్ పురుషులు భగ్గుమన్నారు. తాము పూర్తిగా స్త్రీలమే, పూర్తిగా పురుషులమే అన్నది వాళ్లు జీవితమంతా చేసిన వాదన. దాన్ని సర్కారు ఒక్క వాక్యంతో కొట్టేసింది. విచిత్రం ఏమిటంటే, ‘రెండూ కాదు’ అనే మాట వాడిన ఆ నిర్వచనం నాన్‌బైనరీ వ్యక్తుల మేలు కోరి రాసింది కూడా కాదు. పాత నపుంసక భావననే కొత్త ఇంగ్లిషులో రాశారు. కానీ ఆ తర్వాత చాలా సమావేశాల్లో ‘మీ రెండూ కాదు వల్లే మమ్మల్నీ రెండూ కాదన్నారు’ అనే నిష్ఠూరం నాన్‌బైనరీ వ్యక్తుల మీద పడింది. ఎవరో రాసిన వాక్యానికి వీళ్లు పూచీ మోశారు.

2019లో చేసిన చట్టంలో ఆ నిర్వచనం మారింది. పుట్టినప్పుడు రాసిన జెండర్‌తో తన జెండర్ సరిపోలని వ్యక్తి ట్రాన్స్‌జెండర్ అన్నారు. శస్త్రచికిత్స జరిగినా జరగకపోయినా ట్రాన్స్ పురుషుడు, ట్రాన్స్ మహిళ, ఇంటర్‌సెక్స్ (పుట్టుకతోనే శరీర లక్షణాలు ఆడా మగా అన్న రెండింటిలో ఇమడని) వ్యక్తులు, జెండర్‌క్వీర్ వ్యక్తులు, కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అని జాబితా ఇచ్చారు. జాబితా పెద్దదే గానీ ఆ చట్టం కింద ధ్రువపత్రం రెండు మెట్లది. కలెక్టరు ముందుగా ఇచ్చేది ‘ట్రాన్స్‌జెండర్’ అనే పత్రం. స్త్రీ అనో పురుషుడు అనో కావాలంటే శస్త్రచికిత్స తర్వాత ఏడో సెక్షన్ కింద మళ్లీ అర్జీ పెట్టాలి. బద్వేలు 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైనా, ఈ పత్రం మీద సంతకం పెట్టేది కడపలోని కలెక్టరే. దరఖాస్తుకు మాత్రం 2020 నవంబరులో జాతీయ పోర్టల్ వచ్చింది. ఈ ఏర్పాటులో ట్రాన్స్ పురుషుడికి ఆపరేషన్ దాకా ఇష్టంలేని పేరు తప్పదు. నాన్‌బైనరీ వ్యక్తికి మొదటి మెట్టు మీదే ఊరట దొరుకుతుంది. ఒకరికి బలవంతపు మజిలీ అయినది ఇంకొకరికి గమ్యం కావడంతో, చట్టాన్ని ఎలా సవరించాలో ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పడం కష్టమైంది.

కోర్టుల్లో మాత్రం బైనరీ వాదనకే గెలుపులు ఎక్కువ. హిందూ వివాహ చట్టంలోని ‘వధువు’ అనే మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఉందని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ తీర్పిచ్చారు. స్త్రీ, పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులు ఇప్పటి చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఇంకో అడుగు వేశారు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కేసు అది. బిడ్డను కనలేదన్న కారణంతో ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనలేమని, భర్త వేధింపుల మీద ఐపీసీ 498ఎ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకుందని చెప్పారు. తగిన ఆధారాలు లేవని ఆ కేసును కొట్టేశారు గానీ సూత్రం నిలిచింది. ఈ మూడు తీర్పుల్లోనూ తలుపు తెరుచుకున్నది వధువు, వరుడు అనే రెండు మాటల్లో ఒకదాన్ని ఎంచుకున్నవాళ్లకే. ఏదీ ఎంచుకోని మనిషి పెళ్లి గురించి అవి మాట్లాడలేదు.

పింఛనూ, లెక్కా

2011 జనగణన మొదటిసారి ‘ఇతరులు’ అని వేరుగా లెక్కపెట్టింది. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశపు లెక్కలో ఆరేళ్లలోపు పిల్లలే 54 వేలకు పైగా ఉన్నారు. ఆ పిల్లల గడిని నింపింది ఇంటి పెద్దలు. ఇంటర్‌సెక్స్ బిడ్డలు, ఇల్లు వదిలిన హిజ్రాలు, ఎన్యూమరేటర్ చూసి టిక్కు పెట్టినవాళ్లు, అంతా కలిసిన మొత్తమది. ఎవరెంతమందో అందులోంచి విడదీయలేం.

డబ్బు వచ్చేసరికి ఈ విడదీయలేని మొత్తమే తగువుకు మూలం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానాన్ని ఆమోదించి, 18 ఏళ్లు నిండినవారికి నెలకు 1,500 రూపాయల పింఛను ఇస్తామంది. ఆ తర్వాత అది 3,000 అయింది. 2024 జులై నుంచి ఎన్‌టీఆర్ భరోసా పేరుతో 4,000 అందుతోంది. బద్వేలు లాంటి ఊళ్లో నెలకు నాలుగు వేలంటే ఇంటద్దె పోను బియ్యం, పప్పు గడిచే డబ్బు. ఊళ్లో సచివాలయం ఉద్యోగి చేతి నుంచి ఆ డబ్బు తీసుకోవడమంటే తను ఎవరో వీధికంతా చెప్పుకోవడమే. చీరలో తిరిగే ట్రాన్స్ మహిళకు కొత్తగా పోయేదేమీ లేదు. ఆ వీధిలోనే అమ్మానాన్నలతో ఉంటూ ప్యాంటు చొక్కాలో తిరిగే మనిషికి ఆ సంతకం ఖరీదు చాలా ఎక్కువ. అడగనివాళ్లు లేరనుకోవడం లెక్కల తప్పు. అడిగినవాళ్లే అసలైనవాళ్లు అనుకోవడం సమాజపు తప్పు.

ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు కూడా ఈ చీలికను పెంచాయి. పథకాల లెక్కలో పురుషులతో సంబంధం ఉండే పురుషులు ఒక వర్గం, ట్రాన్స్‌జెండర్, హిజ్రాలు ఇంకో వర్గం. చీర కట్టని కోథీ మొదటి డబ్బాలో పడతాడు, చీర కడితే రెండో డబ్బాలోకి వస్తుంది. ఈ వాక్యంలో ‘పడతాడు’, ‘వస్తుంది’ అని రాయక తప్పలేదంటేనే ఆ డబ్బాలు ఎంత బలమైనవో తెలుస్తుంది. ఒకే మనిషి శనివారం రాత్రి ఒక వర్గం, సోమవారం పొద్దున ఇంకో వర్గం. స్వచ్ఛంద సంస్థలకు నిధులు తలల లెక్కన వస్తాయి కాబట్టి, ఎవరి తల ఎవరి ఖాతాలో పడాలన్నది సిద్ధాంతంతో తేలే విషయం కాదు.

ఉద్యోగాల్లో వాటా గురించి మాట్లాడినప్పుడు కులం కూడా వస్తుంది. నాల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా చూడమంది. దళిత ట్రాన్స్ కార్యకర్తలకు ఇది నచ్చలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అన్ని కోటాల లోపలా విడిగా వాటా ఉండాలన్నది వాళ్ల డిమాండ్. కర్ణాటక 2021లో అలాంటి ఒక్క శాతం సమాంతర రిజర్వేషన్ ఇచ్చింది. అలా వాటా వచ్చిన రోజున, కాలేజీ చదువూ ఇంగ్లిషూ ఉన్న పైకులాల నాన్‌బైనరీ యువత దాన్ని ఎత్తుకుపోతుందన్న అనుమానం ట్రాన్స్ మహిళల్లో గట్టిగానే ఉంది. అనుమానానికి కారణం జెండర్ కన్నా వర్గం. బస్టాండులో చెయ్యి చాచే మనిషీ, సాఫ్ట్‌వేర్ కంపెనీ ‘వైవిధ్యం’ సభలో మైకు పట్టే మనిషీ ఒకే వేదిక ఎక్కినప్పుడు ఎవరి మాట పేపర్లో వస్తుందో అందరికీ తెలుసు. అయితే దీన్ని తిప్పి చెప్పేవాళ్లూ ఉన్నారు. పల్లెల్లో, బస్తీల్లో చదువులేని కడా-చట్ల కోథీలు లెక్కకు రాకపోవడం వల్లే నాన్‌బైనరీ అంటే నగరపు పిల్లల సరదా అనే పేరు వచ్చిందని వాళ్లంటారు. పాత ఆధారాలను చూస్తే వీళ్ల మాటలోనే పస ఎక్కువ కనిపిస్తుంది.

వచ్చాడా, వచ్చిందా, వచ్చారా

ఇంగ్లిషులో గొడవ సర్వనామం దగ్గర ఆగుతుంది. తెలుగులో క్రియ దాకా వస్తుంది. సంప్రదాయ వ్యాకరణం పురుషులను మహత్తులనీ, స్త్రీలను మహతులనీ, మిగతా జీవులనూ వస్తువులనూ అమహత్తులనీ విడదీసింది. ఏకవచనంలో స్త్రీకి పురుషుడి క్రియ రాదు, అమహత్తు క్రియే వస్తుంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడామగా కలిసి ‘వచ్చారు’ అవుతారు.

ఈ ఏర్పాటు ట్రాన్స్ మహిళకు ఒక వరం, ఒక శాపం. ‘వచ్చాడు’ అనే నోళ్లు ‘వచ్చింది’ అనడం మొదలుపెడితే ఊరు ఒప్పుకున్నట్టు. కానీ ‘ఆమె’ తీసేసి ‘అది’ అని పెట్టినా క్రియ అదే. గౌరవానికీ అవమానానికీ మధ్య ఒక్క సర్వనామమే అడ్డు. అందుకే చాలామంది ట్రాన్స్ మహిళలకు ‘ఆమె’ అనే మాట మీద అంత పట్టింపు. జెండర్ లేని మాట వాడదామని ఎవరైనా అన్నప్పుడు వాళ్లు ఉలిక్కిపడేదీ ఇందుకే. తెలుగులో జెండర్ లేని ఏకవచనమంటే చెవికి ‘అది’ అనే వినిపిస్తుంది.

నాన్‌బైనరీ మనిషికి మిగిలింది బహువచనం. ‘వారు వచ్చారు’ అనొచ్చు, గౌరవంగానూ ఉంటుంది. అదే చిక్కు. పాతికేళ్ల స్నేహితుణ్నో స్నేహితురాలినో ‘వారు’ అంటే నవ్వొస్తుంది, ‘వాళ్లు’ అంటే ఎంతమంది అని అడుగుతారు. ‘తను’ అనే మాటకు ఆడామగా తేడా లేదు గానీ వెనకాలే వచ్చే క్రియ దాన్ని బయటపెట్టేస్తుంది, అందుకే ‘తను వచ్చారు’ అనే కలగలుపు వాడుక కనిపిస్తోంది. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు తెలుగు హిందీ కన్నా దయగలది. ‘నేను వెళ్లాను’ అంటే ఆడో మగో తెలియదు. ‘ఒక్కణ్ణే వచ్చా’ అనాలా, ‘ఒక్కదాన్నే వచ్చా’ అనాలా అన్నచోట మాత్రం దారి మూసుకుంటుంది.

కడప మాటలో ఇంకా ఇరుకు. ఇక్కడ మూడో మనిషిని గౌరవంగా చెప్పాలంటే ‘ఆయప్ప’, ‘ఆయమ్మ’. చిన్నవాళ్లయితే ‘అబ్బి’, ‘అమ్మి’. అన్న, అక్క, చిన్నాయన, పిన్నమ్మ, ఏ వరసా జెండర్ దాటి లేదు. వరస కలపకుండా మనిషిని పిలవడం సీమలో మర్యాద కాదు. అంగడి దగ్గర ట్రాన్స్ మహిళను ‘అక్కా’ అని పిలవడానికి ఊరు కొంత అలవాటు పడింది. రెండూ కాని మనిషిని పిలవడానికి నోరే తిరగదు.

పత్రికల భాష ఇంకో తలనొప్పి. ‘ట్రాన్స్‌జెండర్’ అనే మాటను తెలుగు పత్రికలు చాలాకాలం హిజ్రాకు మర్యాదపూర్వకమైన పర్యాయపదంగా వాడాయి. దాంతో ట్రాన్స్ పురుషులు వార్తల్లోంచే మాయమయ్యారు. ‘లింగమార్పిడి’ అనే మాట మనిషిని ఆపరేషన్ బల్లకు కట్టేస్తుంది. ‘మూడో లింగం’ అంటే తమను వరసలో మూడో స్థానంలో నిలబెట్టడమేనని ట్రాన్స్ మహిళలు కొందరు అభ్యంతరం చెబితే, ఆ మాటనే గర్వంగా చెప్పుకునే హిజ్రాలు ఉన్నారు. తమిళనాడులో కరుణానిధి 2006లో ‘తిరునంగై’ అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చారు, ట్రాన్స్ పురుషుడికి ‘తిరునంబి’ స్థిరపడింది. గౌరవమైన ఆ జంటమాటల మధ్య నాన్‌బైనరీ మనిషికి మళ్లీ చోటు లేకపోయింది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ చొరవతో 2022 ఆగస్టులో ఆ ప్రభుత్వం గెజిట్‌లో పదకోశం అచ్చువేసింది. మాటలు ప్రభుత్వం ఇస్తే నిలుస్తాయా, వాడుకలోంచి వస్తే నిలుస్తాయా అన్నది అక్కడా తేలలేదు.

బయటి లోకం, ఇక్కడి పేర్లు

అమెరికాలో ఇదే గొడవ వైద్యం చుట్టూ తిరిగింది. తన శరీరంతో తీవ్రమైన పొసగనితనం, చికిత్స అవసరం ఉంటేనే ట్రాన్స్ అని ఒక వర్గం, అక్కర్లేదని ఇంకో వర్గం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 జెండర్ అసంగతతను మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. దీన్ని రెండు వర్గాలూ తమ గెలుపుగానే చెప్పుకున్నాయి. సంఖ్యలు కూడా మారుతున్నాయి. అమెరికాలో 2015లో జరిగిన ట్రాన్స్ సర్వేలో 27,715 మంది పాల్గొంటే 35 శాతం నాన్‌బైనరీ. 2022 సర్వేలో 92 వేల మందికి పైగా పాల్గొంటే 38 శాతం. అది ఎవరైనా వచ్చి పాల్గొనే సర్వే కాబట్టి దేశానికంతటికీ అన్వయించకూడదు.

భారత పాస్‌పోర్టులో ఎం, ఎఫ్, టి అని మూడు అక్షరాలున్నాయి. అమెరికా 2021 అక్టోబరులో ఎక్స్ అక్షరంతో పాస్‌పోర్టు మొదలుపెట్టి, 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే ఆపేసింది. పుట్టుకతో రాసిన లింగమే చెల్లుతుందన్న ఆ ఆదేశం బైనరీ, నాన్‌బైనరీ అనే తేడా చూడలేదు. ఎఫ్ అక్షరం సంపాదించుకున్న ట్రాన్స్ మహిళా, ఎక్స్ అక్షరం కోరిన మనిషీ ఒకే గీతకు ఇవతల పడ్డారు.

తెలుగులో ఈ సంగతులు ఇంటి భాషలో వినిపించడం మొదలై ఎక్కువ కాలం కాలేదు. తమిళ రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం చదివినవాళ్లకు చీర కట్టడం కోసం పడిన యాతన అర్థమవుతుంది, ఆ చీర మీద మమకారమూ అర్థమవుతుంది. అదే రేవతి 2016లో నందిని మురళితో కలిసి ఇంగ్లిషులో తెచ్చిన ఇంకో పుస్తకంలో ట్రాన్స్ పురుషుల కథలకు చోటిచ్చారు. హిజ్రా జమాత్‌లో పెరిగిన మనిషి పక్కవాళ్ల గురించి రాయడానికి పూనుకోవడం చిన్న సంగతి కాదు. హైదరాబాద్‌లో రచన ముద్రబోయిన తదితరులు 2017లో ‘ట్రాన్స్‌విజన్’ యూట్యూబ్ చానల్ మొదలుపెట్టి తెలుగులోనూ, ఉర్దూలోనూ మాట్లాడారు.

సంఘాల పేర్లలోనే ఈ బేరసారాలు కనిపిస్తాయి. తెలంగాణలో పనిచేసే సంస్థ పేరు తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి. ట్రాన్స్‌జెండర్ అనే ఒక్క మాట చాలదని, హిజ్రా అనే పేరును వదులుకోబోమని, ఇంటర్‌సెక్స్ వాళ్లది వేరే సంగతని ఆ పేరు చెబుతుంది. నగరంలో 2013 ఫిబ్రవరిలో మొదలైన ప్రైడ్ యాత్ర తర్వాత ‘క్వీర్ స్వాభిమాన యాత్ర’ అయింది. బద్వేలు పిల్లలెవరైనా హైదరాబాద్ చేరి ఆ ఊరేగింపులో నడిస్తే, ముందు వరసలో పట్టుచీరల హిజ్రాలనూ, వెనక ఇంద్రధనుస్సు జెండా కప్పుకున్న కాలేజీ పిల్లలనూ చూస్తారు. మధ్యలో ప్యాంటు చొక్కాతో నడిచేవాళ్లను ఏ లెక్కలో వేయాలో ఊరేగింపు నిర్వాహకులకు కూడా పట్టదు. ఆ లెక్క పట్టేది సచివాలయం కంప్యూటర్‌కే, దాని తెర మీద ఉన్నవి ఇప్పటికీ మూడు గడులే.